అద్దంలో పొట్టేలు

గొర్రెలు కాయడమే నా బతుకులో అన్నిటికంటే చెడ్డ పని అని యల్లమ్మ చెప్పాలట. నారింజ రంగు కంపెనీ జాకెట్ తొడుక్కుని, కెమెరా ముందర నిలబడి, నవ్వుతూ చెప్పాలట. చెబితే ఉద్యోగం నిలుస్తుంది, స్టోరు గది వెనకాల కట్టేసిన పొట్టేలు ఇంటికి పోతుంది. చెప్పకపోతే రెండూ దక్కవు. ఈ సంగతి తేలినప్పటి నుంచీ ఆమె పళ్లు కొరుకుతూనే ఉంది. పొయ్యి మీద సంగటి కెలుకుతూ కూడా తెడ్డును గిన్నెకేసి బాదుతోంది.

"నవ్వాలంట! పని చేయించుకునేది చాలక నవ్వు గూడా వాళ్లకే ఈయల్ల!" అని గోడకు చెప్పింది, ఇంట్లో వినేవాళ్లు ఇద్దరున్నా.

ఆ ఇద్దరిలో ఒకడు పెనిమిటి వెంకటేశు. మంచం మీద కూర్చుని దగ్గుతున్నాడు. ఇంకొకడు మరిది తిరుపాల్. పొట్టేలు అతనిది. మందకంతా అదొక్కటే పొట్టేలు, దాని మొహం మీద తెల్ల మచ్చ ఉంటుంది కాబట్టి అందరూ బొల్లోడంటారు.

యల్లమ్మ పుట్టింది లింగాలలో, మెట్టింది జమ్మలమడుగు అవతల ఒక చిన్న ఊళ్లో. రెండూ జీవాలున్న ఇళ్లే. నడక నేర్చింది గొర్రెపిల్లల మధ్య, కాపురానికి వచ్చింది మంద వెనక. ఇప్పుడు సోలార్ ప్లాంటు ఉన్న జాగా అంతా అప్పట్లో బీడు. ఊరి జీవాలన్నీ అక్కడే మేసేవి. ఆ బీడు ఎవరిదీ కాదనుకున్నారు ఊళ్లో. సర్కారుదని ఒకరోజు తెలిసింది. కంపెనీదని ఇంకొకరోజు తెలిసింది. ఊరిది మాత్రం కాదని ఇనుప కంచె పడ్డాక తెలిసింది. మేత లేక వెంకటేశు తన వాటా జీవాలన్నీ సంతకు తోలేశాడు. తిరుపాల్ మొండివాడు, అమ్మలేదు. వంకల వెంబడీ గట్ల వెంబడీ తిప్పుకుంటూ ఎలాగో నెట్టుకొస్తున్నాడు.

అమ్మిన రోజు యల్లమ్మ అన్నం ముట్టలేదు. ఏడుపుతో కాదు, ఒళ్లు మండి. సత్తు గిన్నె తీసి గోడకేసి కొట్టింది. ఆ సొట్ట గిన్నెలోనే ఇప్పటికీ సంగటి కెలుకుతోంది.

ఆ తర్వాత మొగుడూ పెళ్లాం పని కోసం తిరగని చోటు లేదు. మొదట పులివెందుల. అరటి తోటల్లో గెలలు మోసే పని. గెల కిందికి మెత్తని స్పాంజి వేసేవాళ్లు, కాయకు దెబ్బ తగలకూడదని. భుజానికి ఏమీ వేసేవాళ్లు కాదు. కాయ మీద చిన్న మచ్చ పడితే మేస్త్రీ ఇంటిల్లిపాదినీ తిట్టేవాడు. యల్లమ్మ మెడ కింద తోలు ఊడి నీరు కారుతుంటే అటువైపు తల కూడా తిప్పలేదు. అరటి బంక అంటి నల్లబడిన చీరలు ఎన్ని ఉతికినా తెల్లబడలేదు.

అక్కడి నుంచి జమ్మలమడుగు దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ. పొద్దస్తమానం మిషను రొద, కాళ్ల కింద బండ కోసిన బురద నీళ్లు. కాలివేళ్ల సందులు పాచిపోయాయి. ఎండిన చోట దుమ్ము, తడిసిన చోట బురద. వెంకటేశుకు దగ్గు అక్కడే పట్టుకుంది. డాక్టరు ఆ పని మానేయమన్నాడు. ఫ్యాక్టరీవాడు అంతకు ముందే మాన్పించేశాడు.

ఇక ప్రొద్దుటూరు. అబ్బో, ఆ ప్రొద్దుటూరు తలుచుకుంటే యల్లమ్మకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. బంగారు నగలు చేసే ఒక పనిశాలలో ఊడ్చే పని. మెత్తని కుచ్చుతో నేలంతా ఊడ్చి, ఆ దుమ్మును డబ్బాకెత్తాలి, పారేయకూడదు. చేతులు కడిగిన నీళ్లు కూడా కాలువలో పోయకూడదు, ఎందుకంటే అందులో బంగారు రజను ఉంటుంది. బాగుంది, ఎవరి సొమ్ము వాళ్లకు ముద్దు. కానీ సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు యజమాని వదినగారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆడవాళ్లంతా ఆమె ముందర జడ విప్పి దులపాలి. కుచ్చెళ్లు విదిలించాలి. గోళ్లు చూపాలి. ఒకరోజు నోరు తెరవమంది. నాలుక కింద దాచుకున్నావేమో, చూపించు అంది. యల్లమ్మ నోరు తెరిచి, శుభ్రంగా చూపించి, ఆ తెరిచిన నోటితోనే కడుపారా తిట్టి బయటికొచ్చింది. వారం కూలి అక్కడే వదిలేసింది.

ఇన్ని తిరిగి చివరికి ఎక్కడికొచ్చింది? తన జీవాలు మేసిన బీడుకే. ఆ కంచె లోపలికే. సోలార్ అద్దాలు కడిగే పనికి. కంపెనీవాళ్లు ప్యానెళ్లంటారు, ఊళ్లో అందరూ అద్దాలంటారు. పొడుగు కర్రకు తుడిచే గుడ్డ, ఇంకో చేతిలో నీళ్ల పైపు. వరస తర్వాత వరస కడుగుతూ పోవడమే. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. కానీ ఎవరూ జడ విప్పమనరు, గెలలు మోయమనరు. నెల తిరిగేసరికి జీతం వస్తుంది. వెంకటేశు మందులు దాని మీదే నడుస్తున్నాయి.

మధ్యాహ్నం ఆడవాళ్లంతా అద్దాల నీడన కూర్చుని డబ్బాలు విప్పేవాళ్లు. అక్కడ ఇంకో నీడ లేదు. తింటూ ఒక ఆట ఆడేవాళ్లు, ఎవరు చేసిన పని అందరికంటే అధ్వాన్నమా అని.

"దూది మిల్లులో చేసినా నేను," అనేది ప్రొద్దుటూరు ఖమ్రున్నీసా. "పని మానేసినాక గూడా శానా దినాలు ముక్కులోంచి దూది వస్తానే ఉన్నిందక్కా. కూడబెట్టుకోనింటే పరుపు కుట్టుకుందును."

"నీ పరుపు మీద నువ్వే పండుకో. నన్ను నోరు తెరవమన్నారే, గుర్రానికి పండ్లు చూసినట్ల!" అనేది యల్లమ్మ. అంతటితో ఆట ముగిసేది. నోరు తెరవమన్న కథను మించింది ఎవరి దగ్గరా లేదు. అందరూ పడీ పడీ నవ్వేవాళ్లు. గొర్రెల మాట ఆ ఆటలో ఏనాడూ రాలేదు. అది పని అని యల్లమ్మకు తోస్తే కదా రావడానికి.

ఈ ఆటను ఒకరోజు వేదశ్రీ విన్నది. విజయవాడ నుంచి వచ్చిన చిన్నపిల్ల, ఆఫీసులో సిబ్బంది వ్యవహారాలు చూస్తుంది. చెడ్డ పిల్లేమీ కాదు. "ఎంత బాగా చెబుతున్నారండీ! దీన్ని వీడియో తీద్దాం. అప్పటి పని, ఇప్పటి పని. మీ జీవితం ఎలా మారిందో మీరే చెప్పండి," అంది. ఆడవాళ్లు సరేనన్నారు. టీవీలో కనబడతామేమోనని ఒకరిద్దరు కొత్త చీరలు కూడా తీసి పెట్టుకున్నారు.

అదే వారం ఆ గొడవ జరిగింది.

ఎండాకాలం. ఊరి బోరు ఎండిపోయింది. ఊళ్లోకి ట్యాంకరు వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. అద్దాలకు మాత్రం పొద్దున్నే ట్యాంకర్ల వరస. యల్లమ్మ కంచె పక్క వరస కడుగుతోంది. కంచె అవతల తిరుపాల్ మంద వచ్చి నిలబడింది. జీవాలు డొక్కలు ఎగరేస్తూ, నాలుకలు బయటపెట్టి, ఆమె చేతిలో పైపు వైపే చూస్తున్నాయి. తిరుపాల్ ఎక్కడో వెనకబడ్డాడు. కంచె దగ్గరికి పశువులొస్తే అరిచి తరమాలని కంపెనీ రూలు. యల్లమ్మ తరమడానికే నోరు తెరిచింది. కానీ బుద్ధెరిగినప్పటి నుంచీ చేతిలో నీళ్లు, ఎదురుగా మంద ఉంటే ఆ నోటికి తెలిసిన కూత ఒక్కటే.

"డ్రూ... డ్రూ... బా, బా, బా!"

నీళ్లకు పిలిచే కూత అది. నోట్లోంచి వచ్చాక గానీ ఏమి కూసిందో ఆమెకే తెలియలేదు. మందకు మాత్రం బాగా తెలిసింది. వంక దాటే చోట కంచె కింద సందుంది. ఆ సందులోంచి ఒకదాని వెనక ఒకటి దూరి మంద మొత్తం లోపలికి వచ్చిపడింది. అద్దాల అంచుల నుంచి కారే నీళ్లకు మూతులు పెట్టింది.

అక్కడిదాకా జరిగింది పొరపాటు. ఆ తర్వాత యల్లమ్మ చేసింది పొరపాటు కాదు. పైపు నేలకు దించి, ఒక గుంతలోకి నీళ్లు వదిలింది. "తాగండి! మీ జాగాలో మీరు తాగండి!" అని గట్టిగానే అంది.

కొంప ముంచింది బొల్లోడు. అప్పుడే కడిగిన అద్దం తళతళా మెరుస్తోంది. యల్లమ్మ ఏ పని చేసినా ఒళ్లు దాచుకోదు, అద్దం కడిగితే మొహం చూసుకోవచ్చు. బొల్లోడు చూసుకున్నాడు. అందులో ఇంకో పొట్టేలు! అదీ తనంత కొమ్ములు తిరిగింది, తన మందలో నిలబడింది, తనవైపే గుడ్లురుముతోంది. బొల్లోడు వెనక్కి జరిగాడు. అద్దంలోదీ వెనక్కి జరిగింది. అంత పొగరా అని వీడు తల వంచి దూకాడు. ధన్‌మని అద్దం గళ్లు గళ్లుగా చిట్లిపోయింది. ఎదుటి పొట్టేలు మాయమయ్యేసరికి వీడు గెలిచినవాడిలా తల ఎగరేసి తీరిగ్గా నీళ్లకు పోయాడు.

కాపలావాళ్లు మందను తరిమేశారు. బొల్లోడిని మాత్రం పట్టి స్టోరు వెనకాల కట్టేశారు.

మేనేజరు సుధన్వ ఆమెను ఆఫీసుకు పిలిపించాడు. కేకలు వేయలేదు. వేసినా బాగుండేది, యల్లమ్మ కూడా వేసేది. చల్లటి గదిలో మెత్తగా మాట్లాడాడు.

"చూడు యల్లమ్మా, నిన్ను తీసేయాలి, పొట్టేలు గలవాడి మీద పోలీసు కంప్లైంటు ఇవ్వాలి. కానీ నాకు ఇష్టం లేదు. కంపెనీ పెద్దవాళ్లు వస్తున్నారు, వీడియో తీస్తున్నాం. గొర్రెల వెంట తిరిగే బతుకు ఎంత దరిద్రమో, కంపెనీ వచ్చాక ఎంత బాగుపడ్డావో నాలుగు మాటలు చెప్పు. నువ్వు చెబితేనే బాగుంటుంది, ఈ నేల మీద గొర్రెలు కాసినదానివి కదా. అది అయిపోతే అద్దం సంగతి నేను చూసుకుంటాను."

"నేను చేసిన చెడ్డ పనులు శానా ఉండాయి సార్. అరటి తోట ఉండాది, బండల ఫ్యాక్టరీ ఉండాది. అయి చెప్తా."

"అవి మాకెందుకు? గొర్రెల సంగతే చెప్పు," అన్నాడు సుధన్వ.

అదీ జరిగింది. అందుకే తెడ్డు గిన్నెకేసి బాదడం.

"వదినా, మాటే గదా. చెప్పేయ్," అన్నాడు తిరుపాల్. "గొర్రెలకేమన్నా తెలుగొస్తాదా, నువ్వేమన్నావో తెలిసేదానికి? నా పొట్టేలు నాకొస్తే చాలు."

"వాటికి తెలీదు లేప్పా, నాకు తెలుస్తాది గదా! నేను మనిషినా, మైకునా?"

వెంకటేశు దగ్గు ఆపుకుని, "నీ ఇష్టం," అన్నాడు.

"నీ ఇష్టం అనేదానికి మొగుడెందుకు! పక్కింటోళ్లు గూడా అంటారు ఆ మాట!" అని యల్లమ్మ అతని మీదికి లేచింది. లేచింది కానీ, మందుల సీసా కంటబడి మళ్లీ తెడ్డు అందుకుంది. ఆ సీసా కోసమైనా చెప్పాలేమో అనుకుంది. అలా అనుకోవాల్సి వచ్చినందుకు ఇంకా మండింది.

వీడియో రోజు ప్లాంటులో షామియానా వేశారు. పెద్దవాళ్లు కార్లలో దిగారు. వాళ్లలో నెరిసిన తలాయన అందరికంటే పెద్దవాడట. కెమెరా పట్టుకున్నవాడి వెనక వేదశ్రీ, పక్కన సుధన్వ. వెనకాల బొమ్మ బాగుండాలని అద్దాల వరసలన్నీ పొద్దున్నే ఆడవాళ్లతో రెండుసార్లు కడిగించారు.

మొదట ఖమ్రున్నీసా. దూది మిల్లు సంగతి అప్పచెప్పినట్టు చెప్పింది. పరుపు మాట చెప్పలేదు, అది తీసేయమన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె వచ్చి యల్లమ్మ పక్కన నిలబడి, "చెప్పేయక్కా, రెండు నిమిషాల పని," అంది మెల్లగా.

యల్లమ్మ ముందుకొచ్చింది. "నమస్కారం. నా పేరు యల్లమ్మ," అంది.

అంతే, స్టోరు గది వెనకనుంచి "మే..." అని పెద్ద అరుపు. బొల్లోడు గొంతు గుర్తుపట్టాడు.

"ఆ శబ్దం రికార్డవుతోంది. దాన్ని కాస్త దూరంగా కట్టించండి," అంది వేదశ్రీ. ఎవరో పరిగెత్తారు. ఇంకా దూరం నుంచి ఇంకా గట్టిగా అరిచాడు బొల్లోడు. "సరే, మీరు చెప్పండి యల్లమ్మ గారూ. నవ్వుతూ. మీరు ఇదివరకు చేసిన పనుల్లో అన్నిటికంటే చెడ్డ పని ఏది?"

యల్లమ్మ నోరు తెరిచింది. గొర్రెలు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఆమెకు ప్రొద్దుటూరు వాకిలి, ఆ కుర్చీ, ఆ వదినగారు కళ్ల ముందుకొచ్చారు.

"ప్రొద్దుటూరులో నన్ను నోరు తెరవమన్నారు," అంది. "బంగారం దాచినానేమో అని. శానా చెడ్డ పని అనుకున్నా. ఈడ గూడా నోరు తెరవమంటాండారు. ఆడ నా నోట్లో వాళ్ల సొమ్ము వెతికినారు. ఈడ నా నోట్లో వాళ్ల మాట పెడతాండారు."

"యల్లమ్మా!" అన్నాడు సుధన్వ.

"ఉండు సార్, అడిగినారు గదా, చెప్పనీ! పులివెందుల్లో గెలలు మోసినా, మెడ తోలు పోయింది. బండల ఫ్యాక్టరీలో నా మొగుని రొమ్ము పోయింది. అయినా అయ్యన్నీ చేసి ఇంటికొస్తే కండ్ల నిండా నిద్ర వచ్చేది. ఈడ నిమ్మళంగా చేస్తాండా, జీతమిస్తాండారు, కాదనను. కానీ కంచె అవతల జీవాలు నాలుకలు సాపుకోని నిలబడుకోనుంటే, నేను ఈపక్క నిలబడి అద్దాలకు నీళ్లు పోస్తాండా చూడు, దీనంత చెడ్డ పని నేను యానాడూ చేయలేదు. నిద్ర రాదు నాకు! తాగేదానికి లేని నీళ్లు కడిగేదానికి యాడినుంచి వస్తాండాయి? గొర్రెలు కాసేది దరిద్రమంట! ఆ బతుకు మేం వద్దనుకున్యామా? మీరు కంచె ఏసినారు, అది పోయింది. తీసుకున్యోళ్లు తీసుకున్యట్ల ఉండండి. అది చెడ్డదని నాతోనే చెప్పించాలనా? గొర్రెలు కాసేది నాకు పని గాదు. అది నా ఇల్లు!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కెమెరా పట్టుకున్నవాడు ఆపాలో వద్దో తెలియక వేదశ్రీ వైపు చూశాడు. వేదశ్రీ నేల చూపులు చూస్తోంది.

"ఇంకోటి," అంది యల్లమ్మ. "ఆ అద్దం పగిలింది నా వల్ల. నేను పిలిస్తే వచ్చినాయి. మళ్లా ఎండలో వచ్చి నిలబడితే మళ్లా పిలుస్తా. కేసు పెట్టుకుంటే నా మీద పెట్టుకోండి. మూగజీవిని కట్టేసి నాతో మాట్లాడించేది ఏం మగతనం సార్?"

సుధన్వ మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు గానీ, నెరిసిన తలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "పోనీయండి. ఆ పొట్టేలును తీసుకెళ్లమనండి. ఆమె కూడా రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు కార్ల వైపు చూస్తూ.

"రేపటిదాకా ఎందుకు?" అంది యల్లమ్మ.

స్టోరు వెనక్కి పోయి బొల్లోడి తాడు విప్పింది. వాడు ఆమె నడుములో తల పెట్టి రుద్దాడు. "చాల్లే నీ గారాలు! అంతా నీ వల్లనే, పాడు మొగమోడా," అని వీపు మీద ఒక్కటి చరిచింది.

గేటుకు పోయే దారి అద్దాల వరస పక్కనుంచే. ఆ అద్దాలను పొద్దున్నే రెండుసార్లు కడిగింది ఆమె చేతులే. నాలుగడుగులు వేశాడో లేదో బొల్లోడు టక్కున ఆగిపోయాడు. అద్దంలో మళ్లీ ఆ పొట్టేలు! ముందరి కాళ్లు నేలకు తన్నిపెట్టి, తల దించి బుసకొట్టాడు. యల్లమ్మ తాడు లాగింది, కొమ్ము పట్టి లాగింది, కదల్లేదు. వెనకాల షామియానా కింద పెద్దవాళ్లంతా కుర్చీల్లోంచి లేచి చూస్తున్నారు. గేటు కాడ కాపలా జమీర్ బిక్కచచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఇంకోటి పగలగొడతాడు! పట్టుకో!" అని అరిచాడు.

యల్లమ్మ ఒంటి మీది నారింజ జాకెట్ విప్పింది. విసురుగా అద్దం మీద పరిచి కప్పేసింది. ఎదుటి పొట్టేలు కనబడకపోయేసరికి బొల్లోడు కాసేపు దిక్కులు చూసి, తల ఎత్తి, నడిచాడు. జమీర్ గేటు తీశాడు.

"యల్లమ్మ గారూ, మీ జాకెట్!" అని వెనకనుంచి వేదశ్రీ పిలిచింది.

"దానికే ఉండనీ పాపా," అంది యల్లమ్మ వెనక్కి తిరక్కుండానే. "తీసినారంటే మళ్లా కనపడతాడు వాడు."

గేటు దాటాక తాడు వదిలేసింది. బొల్లోడు ఆమె వెంటే వచ్చాడు. రేపు వెంకటేశు మందులకు ఏం చేయాలో ఆమెకు తెలియదు. కోపమైతే ఇంకా తగ్గలేదు. వంక దగ్గరికి వచ్చేసరికి అవతలి గట్టున తిరుపాల్ మంద కనిపించింది. చేతిలో నీళ్లు లేకపోయినా, ప్లాంటు మొత్తానికి వినబడేలా యల్లమ్మ గట్టిగా ఆ కూత కూసింది.